సోమవారంలోగా రావలసిన నొప్పులు

4, ఆదివారం

మళ్ళీ వెనక్కి పంపేశారు.

ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు పొట్ట రాయిలా ఉంది. బల్ల మీద పడుకునేసరికి మెత్తబడిపోయింది. నర్సమ్మ చెయ్యి వేసి చూసి, ఇవి దొంగ నొప్పులేనమ్మా, అసలు రోజు కోసం ఒళ్ళు సాధన చేసుకుంటోంది అంది. కిందటి వారం కూడా అదే బల్ల, అదే నర్సమ్మ, ఆపుకుంటున్న అదే నవ్వు. ఆయన స్టేషన్‌లో సిగ్నల్ గది పని ఇంకొకరికి అప్పగించి పరుగెత్తుకొచ్చారు. ఇంటి ముందు దిగాక, ఇవాళ పెద్దదానికి నాన్నా పులి కథ చెప్పాలి అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ కలిసి వస్తే నాకు ముక్కు ఒక్కటే ఎర్రబడుతుంది.

డాక్టరమ్మ గడువు పెట్టింది. పంతొమ్మిదో తేదీ, సోమవారం. ఆలోగా నొప్పులు వాటంతటవే వస్తే మామూలు కాన్పుకి చూద్దాం, రాకపోతే ఆపరేషన్ అంది. పాత కుట్టు ఉంది కాబట్టి మందు పెట్టి తెప్పించనంటోంది. అంటే వాటికై అవే రావాలి. బతిమాలుకోవడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

6, మంగళవారం

ఎందుకమ్మాయ్ అంత పట్టుదల అని అత్తయ్య అడిగింది. కోపంగా కాదు, బట్టలు ఆరేస్తూ మామూలుగానే. బిడ్డ ఎటునుంచి వస్తేనేం, వస్తే చాలు కదా అంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడైతే చెప్పుకోవచ్చు.

మా పిచ్చుక పుట్టినప్పుడు నేను లేను.

పెద్దదాన్ని అందరం పిచ్చుకనే పిలుస్తాం. దానికిప్పుడు ఐదేళ్ళు. ఆ కాన్పుకి మందు పెట్టి నొప్పులు తెప్పించారు. ఒక పగలూ ఒక రాత్రీ పడ్డాక ఇక లాభం లేదని మత్తిచ్చి కోశారు. నేను కళ్ళు తెరిచేసరికి దానికి ఒళ్ళు తుడవడం అయింది, బట్టలు వెయ్యడం అయింది, ఆకలి తీరింది, అచ్చం వాళ్ళ నాన్న పోలికే అని తేల్చేయడం కూడా అయింది. అందరూ చూసేశాక ఆఖరున నాకు చూపించారు. నా బిడ్డ పుట్టిన చోట నేను తప్ప అందరూ ఉన్నారు. ఈసారి నేనుండాలి. మొదటి నొప్పి దగ్గర్నుంచీ ఉండాలి. గొంతెమ్మ కోరికంటే అననీ.

ఈసారి ఆపరేషనైనా మెలకువగానే ఉంచుతామని డాక్టరమ్మ అంది. అంటారు.

7, బుధవారం

మధ్యాహ్నం కాసేపు వచ్చాయి. నీళ్ళు తాగి పడుకుంటే పోయాయి. తాగకుండా ఉండాల్సింది.

9, శుక్రవారం

ఆసుపత్రిలో అంతా బాగుందన్నారు. బయటికి వస్తుంటే నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది. కదలికలు తగ్గినట్టనిపిస్తే ఏ వేళైనా సరే వచ్చెయ్యమంది. వస్తే ఏం చేస్తారన్నాను. చూస్తాం, తేడా ఉంటే అప్పుడే తీసేస్తాం, సోమవారం దాకా ఆగం అంది. నాకేం భయం లేదు. ఈ లోపలి మనిషి ఆగేరకం కాదు. భోంచేయగానే మొదలుపెడుతుంది. గిన్నె పొట్ట మీద పెట్టుకుంటే గిన్నె ఊగుతుంది. లోపలి మనిషి అని పేరు పెట్టింది పిచ్చుకే. అది పొట్టకి నోరానించి గట్టిగా మాట్లాడుతుంది. పాపం లోపలి మనిషికి తలుపు ఎటుందో తెలియదేమో అని ఇవాళ దాని అనుమానం. ఇటు, ఇటు అని కిందికి వేలు పెట్టి చూపించింది. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కిటికీ పక్కన పడుకున్నాను. పరదా ఉబ్బుతోంది, మళ్ళీ గోడకి అంటుకుంటోంది. దానితోపాటే నా పొట్ట కూడా బిగుసుకోవడం, వదలడం. ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియలేదు. గాలి ఇటు తిరిగినప్పుడు స్టేషన్ మైకులోంచి నా గొంతు వినిపిస్తుంది. నేను సెలవులో ఉన్నా నా గొంతుకి సెలవు లేదు. రికార్డు చేసిపెట్టారు కదా. ప్రయాణికులు దయచేసి గమనించగలరు. ఎంత చక్కగా చెబుతానో. నేను ఇలా చెమట పట్టి, చీర కుచ్చిళ్ళు ఊడిపోయి పడుకుని ఉంటే, అక్కడ నేను తల దువ్వుకుని నిలబడినట్టే మాట్లాడుతున్నాను. అది వింటూ నిద్రపోయాను.

కలలో ప్లాట్‌ఫారం నిండా గోరువెచ్చటి నీళ్ళు. జనం బెంచీల మీద కూర్చుని పాదాలు నీళ్ళలో ఆడిస్తున్నారు. బండి ఎప్పుడని ఒక్కరూ అడగడం లేదు. నేను నీళ్ళలో నడుస్తూ వాళ్ళ మధ్యనుంచి వెళుతున్నాను, ఒంట్లో బరువే లేదు. లేచాక కూడా చాలాసేపు కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

10, శనివారం

ఆయనతో కలిసి చెరువు గట్టు మీద నడిచాను. నడిస్తే నొప్పులొస్తాయని ఆయన దగ్గర పనిచేసేవాళ్ళ భార్యలందరూ ఏకగ్రీవంగా తీర్మానించారట. మెట్లెక్కమని ఒకరు, ఇల్లు తుడవమని ఒకరు. తాతకి దగ్గులు నేర్పుతున్నారు. నేను రెండు రోజులుగా ఇంట్లో నేలని అద్దం చేసిపెట్టాను. తిరిగొచ్చేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని నడిచారు. బాతులు మా పక్కనే ఈదుతూ వచ్చాయి. వాటి నడకా నా నడకా ఒకటేనని ఆయన అనలేదు కానీ, అనుకున్నారని తెలుస్తూనే ఉంది.

చాలా సంతోషంగా ఉంది ఇవాళ. ఊరికే రాసిపెడుతున్నాను.

12, సోమవారం

వచ్చాయనుకున్నాను.

సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే మొదలయ్యాయి. ఒకటి వచ్చి వెళ్ళాక ఇంకొకటి, అది వెళ్ళాక ఇంకొకటి. గడియారం చూడమని నర్సమ్మ చెప్పింది కానీ నేను చూడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గడియారాన్నే చూశాను, ఈ ఒక్కదానికీ అది వద్దు. ఎవరికీ చెప్పలేదు కూడా. రెండుసార్లు చాటింపు వేసి నవ్వులపాలయ్యాను, ఈసారి ఖాయమయ్యాకే నోరు విప్పాలనుకున్నాను. వంటింటి గుమ్మాన్ని కౌగలించుకుని నిలబడ్డాను. చెంపకి చెక్క చల్లగా తగిలింది. రా, రా అనుకున్నాను. అత్తయ్య టీ కావాలా అంటే, ఆ అన్నాను. ఆ కాసేపూ నేను రాణినే. ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలిసిన రహస్యం ఒకటి నడుస్తోంది.

టీ తాగేలోపు పోయాయి.

స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. సిగ్గు లేకుండా చాలాసేపు ఏడ్చాను. నా ఒంటి మీద నాకే కోపమొచ్చింది. ఎన్నాళ్ళు సాధన చేస్తావే, ఎప్పుడు మొదలుపెడతావు అని తిట్టాను.

ఈ హడావుడికి లోపలి మనిషి కూడా అలిసిపోయినట్టుంది. భోజనమయ్యాక కూడా కదలకుండా పడుకుంది.

13, మంగళవారం

ఎండ మెత్తగా ఉంది. రోజంతా నిద్రా మెలకువా కలిసిపోయాయి. పిచ్చుక బడి నుంచి వచ్చి నా పక్కన పడుకుని, లోపలి మనిషి ఇవాళ మాట్లాడటం లేదే అంది. నిద్రపోతోందమ్మా అన్నాను. పెద్ద రోజు ముందు పిల్లలు అలాగే సద్దుమణుగుతారని ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తులేదు.

తీపి నిమ్మరసం తాగాను. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. కదిలింది. కదిలినట్టే ఉంది. పొట్ట బిగిసినప్పుడు తెలియదు కదా, అది బిగుసుకోవడమా, కదలడమా అని.

మంచి పిల్ల. నాకు విశ్రాంతి ఇస్తోంది.

14, బుధవారం

నర్సమ్మ ఫోన్ చేసింది. సోమవారం ఏ వేళకి రావాలో, ఏం తెచ్చుకోవాలో చెప్పింది. చివర్లో, కదలికలు ఎలా ఉన్నాయమ్మా అంది. బాగానే ఉన్నాయండీ, కంగారు పడాల్సిందేమీ లేదు అన్నాను. సరేనమ్మా, నీ మాట వింటే నాకే ధైర్యంగా ఉంటుంది అని పెట్టేసింది.

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాఫీసరు నేర్పింది అదే కదా. బండి ఎక్కడుందో నీకు తెలియకపోయినా తెలిసినట్టే చెప్పాలి, జనానికి ముందు కావలసింది బండి కాదు, గొంతు అనేవారు. వరదకి పట్టాలు మునిగిన రోజున కూడా నా గొంతు వణకలేదు. ఆ రోజు స్టేషన్‌లో ఒక్కరూ గొడవ చేయలేదు. ఆ సంగతి ఇప్పటికీ అందరితోనూ గొప్పగా చెప్పుకుంటాను.

ఫోన్ పెట్టేశాక నాకూ ధైర్యం వచ్చింది. నా గొంతు విని నేనే నమ్మాను.

ఇంకా నాలుగు రోజులున్నాయి. ఈ నాలుగు రోజుల్లో తప్పకుండా వస్తాయి. ఇప్పుడు వెళితే కోసేస్తారు. నిద్రపోతున్న పిల్లని లేపి మరీ కోసేస్తారు.

14, సాయంత్రం

ఒకసారి కదిలింది. అవును, కదిలింది.

15, గురువారం

పొద్దున లేచి పాలు తాగాను. చూస్తున్నాను.

17, శనివారం

ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను. పక్కన ఉయ్యాలలో ఉంది. ఇప్పుడే నిద్రపోయింది. ఛాతీ లేచి పడుతుంటే చూసి, మళ్ళీ ఒక వాక్యం రాసి, మళ్ళీ చూస్తున్నాను.

గురువారం పొద్దున అత్తయ్య చిన్న బట్టలు మడతపెడుతూ, లోపలి మనిషి ఎలా ఉందమ్మాయ్ అని అడిగింది. బాగానే ఉంది అత్తయ్యా, కంగారు పడాల్సిందేమీ లేదు అన్నాను. ముందురోజు నర్సమ్మకి చెప్పినట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పాను. అత్తయ్య చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"ఈ గొంతు నాకు తెలుసు," అంది. "నువ్వు నా కోడలివి కాకముందు నుంచీ తెలుసు. మా అక్కకి ఒంట్లో బాగాలేదని బయల్దేరిన రోజు, బండి కాసేపట్లో వస్తుందని ఇదే గొంతుతో చెప్పావు. పొద్దు గూకేదాకా బెంచీ మీదే కూర్చున్నాను. నాకు ఆ గొంతు వద్దు. ఎప్పుడు కదిలిందో చెప్పు."

నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. చివరికి వచ్చింది ఎవరిదో పల్చటి గొంతు.

"నాకు తెలియదు అత్తయ్యా. సోమవారం నుంచీ నాకు సరిగ్గా తెలియడం లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, కూర్చుని తనే తొడిగింది. పిచ్చుకని కింది వాటా వాళ్ళకి అప్పజెప్పింది, ఆయనకి ఫోన్ చేసింది, తలుపు తాళం వేసింది. బండిలో నా చెయ్యి వదల్లేదు.

నర్సమ్మ ఈసారి నవ్వలేదు. పొట్టకి పట్టీ కట్టి మిషన్ పెట్టింది. మొదట గరగరమని చప్పుడు. పట్టీ జరిపింది. మళ్ళీ గరగర. ఆ కాసేపటి గురించి రాయలేను. రాయను.

తర్వాత గుండె దొరికింది. టకటకమని కొట్టుకుంటోంది. ఉంది. అత్తయ్య గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది.

కానీ డాక్టరమ్మ ఆ చప్పుడు వినడం లేదు, మిషన్‌లోంచి వస్తున్న కాగితం చూస్తోంది. గుండె కొట్టుకునే తీరులో హెచ్చుతగ్గులు ఉండాలట, గీత సాఫీగా వస్తోందట. సాఫీగా ఉండటం మంచిది కాదని అప్పుడే తెలిసింది నాకు. స్కానింగ్‌లో ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని తేలింది. నిన్న ఫోన్‌లో బాగానే ఉందన్నారని చెప్పావుగా అని డాక్టరమ్మ నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ తప్పు తనదైనట్టు తల దించుకుంది. ఆమె అడిగింది, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగేంత తీరిక లేదు అక్కడ.

అప్పుడు వచ్చింది.

నడుములోంచి మొదలైంది. రెండు పక్కలనుంచీ ముందుకి వచ్చి పొట్టంతా పట్టుకుంది. పక్కకి తిరిగాను, వదల్లేదు. నీళ్ళు తాగాను, వదల్లేదు. ఇన్ని వారాల దొంగ నొప్పుల్లో ఒక్కటి కూడా ఇలా లేదు. దీన్ని ఎవరూ పరిచయం చేయక్కర్లేకపోయింది. నర్సమ్మ చెయ్యి వేసి, లోపల పరీక్ష చేసి, డాక్టరమ్మ ముఖం చూసింది. మొదలయ్యాయండీ, అసలు నొప్పులే అంది.

డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది.

"మీరు కోరుకున్నట్టే వచ్చాయమ్మా. కానీ ఈ నొప్పుల్ని తట్టుకునే ఓపిక బిడ్డకి ఉందో లేదో నాకు అనుమానంగా ఉంది. నన్నడిగితే ఆగొద్దనే అంటాను. ఒప్పుకోవాల్సింది మాత్రం మీరు."

రెండో నొప్పి వస్తోంది. దాన్ని పూర్తిగా పడ్డాను. ఎంత బాగుందో చెబితే ఎవరూ నమ్మరు. నేను పిలిస్తే వచ్చింది. ఐదేళ్ళుగా నేను ఎదురుచూసింది అదే. అది వచ్చి నన్ను పట్టుకుని ఉండగానే నోరు విప్పాను.

"ఆగకండి. ఇప్పుడే తీసెయ్యండి."

ఏ గొంతుతో అన్నానో తెలియదు. ఆయన అప్పుడే లోపలికి వచ్చారు. తర్వాత చెప్పారు, అరిచానట.

బల్ల మీద తోసుకెళుతున్నప్పుడు కూడా నొప్పులు వస్తూనే ఉన్నాయి. పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి. ఒక్కో నొప్పినీ ఆసాంతం పడ్డాను. వెన్నులో సూది వేశాక అవి కాళ్ళ వైపు నుంచి దూరంగా వెళ్ళిపోయాయి. ఏడ్చాను. మత్తు డాక్టరు నొప్పిగా ఉందా అన్నాడు. లేదు, అందుకే అన్నాను. అతనికేం అర్థమవుతుంది.

మెలకువగానే ఉన్నాను. ముందు ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా ఉంది. అవతల ఎవరో ఎవరినో తొందరపెట్టారు. బిడ్డని తీశారని తెలిసింది, చప్పుడు మాత్రం లేదు. నేను ఏం కోరుకున్నానో, ఎందుకు కోరుకున్నానో ఏదీ గుర్తు లేదప్పుడు. ఏడవమ్మా అని మాత్రం అనుకున్నాను.

తుమ్మింది.

ఏడుపు కాదు, తుమ్ము. ఆ తర్వాతే ఏడుపు. ఆడపిల్ల. బక్కగా, ముడతలుపడి, మమ్మల్నందరినీ తప్పుపడుతున్నట్టు కనుబొమలు ముడిచి ఉంది. పిల్లల డాక్టరు ఒకరోజు గాజుపెట్టెలో ఉంచి, నిన్న నాకిచ్చేశాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అని ఏదో మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు.

నిన్న ఆయన్ని అడిగాను, మీకు నా మీద కోపం లేదా అని. ఉంది, కాస్త తేరుకున్నాక పోట్లాడతాను అన్నారు. పోట్లాడాలి. నేను కాచుకుని ఉంటాను.

అత్తయ్య పిల్లని ఒడిలో పెట్టుకుని, పక్కనే ఉన్న నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆరో ముద్ద దగ్గర నేను చాలన్నాను. నీ మాట ఇంక నమ్మను అని ఏడోది కూడా పెట్టింది.

20, మంగళవారం

నిన్న సోమవారం వెళ్ళిపోయింది. గమనించనేలేదు.

పిల్ల పాలు తాగినప్పుడల్లా పొట్టలో నొప్పి వస్తోంది. ముందు భయపడి నర్సమ్మని పిలిచాను. ఇప్పుడు ఏదున్నా పిలుస్తున్నాను, పిల్ల గోరు తనకే గీరుకున్నా పిలుస్తున్నాను. ఆమె చెయ్యి వేసి చూసి, పిల్ల తాగుతుంటే గర్భసంచి బిగుసుకుని తన చోటికి తను వెళ్ళిపోతుందమ్మా, మంచిదే, రెండో కాన్పుకి ఈ నొప్పులు ఇంకాస్త గట్టిగా వస్తాయి అంది. మాత్ర ఇవ్వమంటావా అంది. వద్దన్నాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. గదిలో మేమిద్దరమే. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. కళ్ళు తెరవకుండానే వెతుక్కుని పట్టుకుంది. రెండు గుటకలు వేసిందో లేదో, నడుములోంచి మొదలై ముందుకి వచ్చింది. ఎవరూ తెప్పించలేదు. కుట్టు లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి వదిలేదాకా ఊపిరి బిగబట్టి పిల్లనే చూస్తూ కూర్చున్నాను.

ఆగి, నా వైపు చూసినట్టనిపించింది.

తాగమ్మా, నేనిక్కడే ఉన్నాను అన్నాను.